ఖాళీ బడిలో పుట్టిన ఆలోచన

బ్యాక్‌ప్యాకింగ్ అనగానే మనవాళ్ళ చర్చంతా ఏ బ్యాగు కొనాలి, ఏ బూట్లు కొనాలి అనే. నన్నడిగితే డబ్బుల్లేని స్టూడెంటుకి అసలు అడ్డంకి బ్యాగు కాదు, రాత్రి పడుకోడానికి చోటు.

ఈ సంగతి వందేళ్ళ క్రితమే పట్టించుకున్నాయన రిచర్డ్ షిర్మన్, జర్మనీలో ఓ బడిపంతులు. 1909 ఆగస్టు 26న పిల్లల్ని వెంటేసుకుని కాలినడకన వెళ్తుంటే పెద్ద గాలివాన. దార్లో ఓ పల్లెటూరి బళ్ళో తలదాచుకున్నారు. సెలవుల్లో బళ్ళన్నీ ఖాళీయే కదా, నడిచొచ్చే పిల్లలకి ఇస్తే పోలా అనిపించిందాయనకి. మొదటి ప్రపంచ యుద్ధం లోపే ఆల్టెనా కోటలో యూత్ హాస్టల్ వచ్చేసింది. 1932లో ఆమ్‌స్టర్‌డామ్‌లో అంతర్జాతీయ సమాఖ్య పుట్టింది.

నాజీలు 1933లో అధికారంలోకి రాగానే జర్మనీలోని హాస్టళ్ళని హిట్లర్ యువజన దళం కిందకి తెచ్చేశారు. 1936కల్లా షిర్మన్‌ని సమాఖ్య అధ్యక్ష పదవి నుంచి కూడా తప్పించారు. కుర్రాళ్ళు నలుగురు చేరే చోటంటే నియంతలకి అంత యావ మరి!

మనలో చాలామంది యూత్ హాస్టల్స్ అసోసియేషన్ వాళ్ళతో హిమాలయాలకి ట్రెక్కింగుకెళ్ళొచ్చినవాళ్ళే. ఆ పేరు వెనకున్న కథ ఇదీ. మన బళ్ళకీ వేసవంతా తాళాలే... ఎవరైనా తీస్తే బావుణ్ణు. ఏమంటారు?