నొప్పి చికిత్స: శరీరము, మనస్సు

మా అరకేర ప్రాంతమున నాట్లు వేసిన స్త్రీలకు నడుమునొప్పి క్రొత్త కాదు. పంట యింటికి వచ్చిన పిదపను నొప్పి వీడకున్నచో, మన తెలుగు కుటుంబములలో "అంతయు నీ మనస్సులోనిదే" యందురు. మేమును మా ఇల్లాలితో అట్లే యంటిమి. ఆమె నొప్పి మాట యెత్తుట మానెను. గోడ పట్టుకొని లేచుట మానలేదు.

ఈ చికిత్స చరిత్ర చదివిన పిదపనే మా తప్పు మాకు తెలిసినది.

రెండవ ప్రపంచయుద్ధకాలమున అమెరికా సైనిక వైద్యశాలలో మత్తువైద్యుడైన జాన్ బొనికా, తగ్గని నొప్పి ఒక్క వైద్యుని వలన లొంగదని గ్రహించెను. మల్లయుద్ధములు చేసి వైద్యవిద్య నభ్యసించిన యీయన, ఆ దెబ్బల నొప్పులను తానును చిరకాలము మోసెను. 1953లో నొప్పిని గూర్చి బృహద్గ్రంథము వెలువరించెను. అనంతరము సియాటిల్ నగరమున నరముల వైద్యుడు, ఎముకల వైద్యుడు, మనస్తత్త్వవేత్త ఒకే రోగిని కలిసి చూచు పద్ధతి నెలకొల్పెను.

1965లో మెల్జాక్, వాల్ అనువారు వెన్నుపాములో నొప్పికి ద్వారము వంటి యేర్పాటు గలదనియు, మెదడునుండి దిగు సంకేతములును దానిని తెరువగలవు, మూయగలవనియు ప్రతిపాదించిరి. వివరములు కొన్ని పిదప మారినవి. దిగులు, భయము నొప్పిని నిజముగనే పెంచునను మాట మాత్రము నిలిచినది.

సియాటిల్‌లోనే ఫోర్డైస్ అను మనస్తత్త్వవేత్త, నొప్పి పుట్టువరకు గాక, ముందుగా నిర్ణయించిన లెక్కవరకు రోగులచే వ్యాయామము చేయించెను.

నిరుడు రాయచూరులో ఫిజియోథెరపిస్టు మా ఇల్లాలికి నడక లెక్క వ్రాసియిచ్చి, "అమ్మా, నిద్ర పట్టుచున్నదా? ఇంట మీ బాధ ఎవరితో చెప్పుకొందురు?" అని అడిగిరి. ఆమె మా వైపు చూచెను.