నరసాపురం లేసు - సర్వీసు పుస్తకం లేని కొలువు

ప్రత్యేక సంచిక అనగానే కరువు భత్యం, మెడికల్ రీయింబర్స్‌మెంటు, పే రివిజన్ బకాయిల మీద వ్యాసాలు వస్తాయి. రావలసిందే. అయితే ఈసారి మన ఇళ్ళలో కళ్ళ ముందే ఉండి, మనం పెద్దగా పట్టించుకోని ఒక వస్తువు చరిత్ర చెప్పాలనిపించింది. అదే లేసు. టీపాయ్ మీద గుడ్డ, దిండు గలేబు అంచు, రేడియో మీద కప్పిన ముసుగు, ఆడపిల్ల పెళ్ళికి పెట్టెలో సర్ది పంపిన రుమాళ్ళు - ఇవి లేని మధ్యతరగతి ఇల్లు మన కాలంలో అరుదు. ఆ తెల్లని అల్లికకు మన రాష్ట్రంలో ఒక చిరునామా ఉంది. అది పశ్చిమ గోదావరి జిల్లాలోని నరసాపురం.

నరసాపురానికి గుడ్డతో సంబంధం లేసుతో మొదలు కాలేదు. ఊరి పక్కనే ఉన్న మాధవాయపాలెంలో 17వ శతాబ్దంలో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ వారి వర్తక స్థావరం ఉండేది. అక్కడి నుంచి ఓడలకెక్కిన సన్నని నూలు గుడ్డకు ఆ ఊరి పేరే పడింది. తెల్లవాళ్ళ నోట మాధవాయపాలెం 'మడపొలం' అయింది. తరువాత లాంకషైర్ మిల్లులు కూడా అదే పేరుతో గుడ్డ నేసి అమ్ముకున్నాయి. ఊరి పేరు సీమలో నిలిచింది గాని, ఆ గుడ్డ నేసినవారి పేర్లు ఎక్కడా నిలవలేదు. లేసు కథలోనూ జరిగింది ఇదే.

1836లో బౌడెన్, బీర్ అనే ఇద్దరు మిషనరీలు కుటుంబాలతో వచ్చి నరసాపురం, పాలకొల్లు ప్రాంతంలో స్థిరపడ్డారు. గోదావరి డెల్టా మిషనుకు అదే ఆరంభం. అప్పటికి డెల్టా ఇప్పటి డెల్టా కాదు. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. అంతకు ముందు వాన కురిస్తే వరద, కురవకపోతే కరువు. అటువంటి రోజుల్లో, 1844 ప్రాంతంలో, స్కాట్లాండు నుంచి వచ్చిన మెక్రే దంపతులు ఇక్కడి పేద క్రైస్తవ స్త్రీలకు లేసు అల్లడం నేర్పారని చెబుతారు. ఐరోపాలో కూడా క్రోషే అల్లిక పేదింటికి కూడు పెట్టిన విద్యే. 1845లో ఐర్లండులో బంగాళదుంప పంట కుళ్ళి మహా క్షామం వచ్చినప్పుడు అక్కడి ఆడవాళ్ళు ఎన్నో కుటుంబాలను నిలబెట్టింది ఈ కొక్కెపు సూదితోనే.

మొదట్లో ఇది వ్యాపారం కాదు. మిషను వారు దారమిచ్చి అల్లించి, ఆ లేసులను స్వదేశంలోని మిత్రులకు జ్ఞాపికలుగా పంపేవారు. రుమాలు అంచులు, చిన్న చిన్న గుండ్రని గుడ్డలు అలా సముద్రం దాటేవి. అందుకున్నవారు వాటిని తమ వాళ్ళలో అమ్మి ఆ సొమ్ము మిషనుకు పంపేవారు. అది విక్టోరియా రాణి కాలం. సీమ దొరసానులకు కుట్టుపెట్టె ఒక ముచ్చట. సూదులు గుచ్చుకునే చిన్న దిండు, ఉన్ని గుడ్డ ఆకులతో పుస్తకంలా కుట్టిన సూదుల సంచి, కత్తెరకు ఒర, ఎండు పూలు పోసిన సువాసన సంచి - అన్నిటికీ లేసు అంచు ఉండాలి. మన ఇళ్ళలో సూదీ దారానికి ఖాళీ బిస్కెట్ డబ్బాయే గతి. పరాయి దేశపు కుట్టుపెట్టెలకు అందం తెచ్చిన చేతులు మాత్రం మనవాళ్ళవి.

1900 వచ్చేసరికి మిషను చేతి నుంచి ఈ పని వర్తకుల చేతికి మారసాగింది. 20వ శతాబ్దం తొలి నాళ్ళకే రెండు వేల మందికి పైగా స్త్రీలు ఇందులో ఉన్నారు. 1929 నాటి ఆర్థిక మాంద్యంలో గిరాకీ పడిపోయినా పని చచ్చిపోలేదు. 1970 తరువాత ఎగుమతులు బాగా పుంజుకున్నాయి. క్రైస్తవ పేటల్లో మొదలైన అల్లిక రైతు కుటుంబాల ఇళ్ళలోకీ వచ్చింది. పొలం పనికి వెళ్తే పరువు తక్కువ అనుకునే ఇళ్ళలో గుమ్మం దాటకుండా నాలుగు డబ్బులు వచ్చే పని ఇదొక్కటే అయింది.

పని తీరు చూద్దాం. కావలసింది ఒక కొక్కెపు సూది, ఒక దారపు ఉండ. ఎడమ చేతి చూపుడు వేలికి దారం చుట్టి, కుడి చేతి సూదితో ఒక ముడిలోంచి ఇంకో ముడి లాగుతూ పోతే గొలుసు వస్తుంది. గొలుసును తిప్పి కలిపితే చక్రం. చక్రం చుట్టూ రేకులు వేస్తే పువ్వు. వినడానికి ఇంతే. కాని అన్ని పువ్వులూ ఒకే కొలతలో రావాలంటే దారపు బిగువు ఉదయం ఎలా ఉందో రాత్రీ అలాగే ఉండాలి. అది వేలికి అలవాటు కావాలి గాని పుస్తకం చదివితే రాదు.

అయితే నరసాపురంలో ఒకే మనిషి మొత్తం గుడ్డ అల్లడం తక్కువ. పువ్వులు అల్లేది చేతిపని. ఆ పువ్వులను కలిపి గుడ్డగా చేసేది అతుకుపని. గుడ్డకు లేసు కుట్టే కాజా కుట్టు వేరు. ఒక ఊళ్ళో అల్లిన పువ్వు ఇంకో ఊళ్ళో అతుకుకు వెళుతుంది. మధ్యలో ఏజెంటు దారం తెచ్చి ఇస్తాడు, అల్లింది పట్టుకుపోతాడు. ఆ పైన వర్తకుని ఇంట్లో ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసి పెట్టెల్లో సర్దుతారు. కూలి కట్టేది గంటల లెక్కన కాదు, అల్లిన దారం లెక్కన. కాబట్టి పువ్వు అల్లిన స్త్రీకి తన పువ్వు ఏ గుడ్డలో చేరిందో, ఏ దేశం పోయిందో, ఎంతకు అమ్ముడయిందో తెలిసే వీలు లేదు.

ఈ సంగతులు వివరంగా రాసినది మన వాళ్ళు కాదు, మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త. ఆమె 1970ల చివర ఈ ప్రాంతపు ఊళ్ళలో తిరిగి, లేసు అల్లే స్త్రీలతో మాట్లాడి రాసిన పుస్తకం 1982లో అచ్చయింది. ఆమె 2023లో కన్నుమూశారు. ఆమె తేల్చిన విషయం ఒకటే. ఈ స్త్రీలు వంటావార్పూ, పిల్లల పనీ చేసుకుంటూనే రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు లేసు అల్లుతున్నారు. వారు అల్లినది విదేశాలకు పోయి డాలర్లు తెస్తోంది. అయినా వర్తకులూ, సర్కారీ లెక్కలూ, ఇంటి మగవారూ వారిని 'పనిలో ఉన్నవారు' అనరు. 'ఇంట్లో ఉండే ఆడవాళ్ళు ఖాళీ వేళల్లో ఏదో అల్లుకుంటారు' అంటారు. ఖాళీ వేళలో చేసినదానికి కూలి తక్కువైనా ఫరవాలేదన్న మాట! ఆనాడు వారికి గిట్టిన రోజు కూలి, ప్రభుత్వం ఖరారు చేసిన కనీస వేతనానికి చాలా దిగువన ఉండేది.

దస్త్రాల మధ్య జీవితం గడిపిన మన బోటి వారికి కాలమ్ అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. రిజిస్టరులో ఏ కాలమ్‌లో పేరు పడితే మనిషి గతి అదే. 'వృత్తి' అన్న చోట 'గృహిణి' అని పడితే ఆమెకు మస్టరు రోలు లేదు, ఇంక్రిమెంటు లేదు, సెలవు లేదు, చూపు మందగిస్తే వైద్యం ఖర్చు లేదు. నలభై ఏళ్ళు అల్లినా ఆమెకు సర్వీసు పుస్తకం లేదు.

ఇక్కడ పెన్షనరు మిత్రులకు ఒక తేదీ గుర్తు చేస్తాను. ఆ పుస్తకం వచ్చిన 1982లోనే, డిసెంబరు 17న, సుప్రీంకోర్టు డి.ఎస్. నకారా కేసులో తీర్పు చెప్పింది. పెన్షను సర్కారు దయతో పెట్టే భిక్ష కాదనీ, చేసిన సేవకు దక్కే హక్కు అనీ ఆ తీర్పు సారాంశం. ఏటా ఆ రోజును మనం పెన్షనర్ల దినంగా జరుపుకుంటున్నాం. ఆ న్యాయమే లేసు అల్లిన ముసలమ్మకు వర్తించాలంటే, ముందు ఆమె చేసినది 'పని' అని ఎవరైనా రాయాలి కదా! ఇప్పుడు ఆమెకు వచ్చే వృద్ధాప్య పింఛను వయసుకు వస్తున్నది, పనికి కాదు. రెండిటి మధ్య తేడా మనకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది?

కాలం కొంత కదిలింది, కాదనను. ఇంటి వద్ద పని చేసేవారి కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో 177వ ఒడంబడిక తెచ్చింది. మన దేశం దాన్ని ధ్రువీకరించలేదు. అయితే 2008 నాటి అసంఘటిత కార్మికుల సామాజిక భద్రత చట్టంలో ఇంటి వద్ద పనివారికి నిర్వచనం వచ్చింది. 2020 నాటి సామాజిక భద్రత కోడ్‌లోనూ ఆ నిర్వచనం ఉంది. నరసాపురం దగ్గర లేసు వాణిజ్య కేంద్రం వెలిసి, మహిళా సంఘాలు ఏర్పడ్డాయి. 2024లో నరసాపురం క్రోషే లేసుకు భౌగోళిక గుర్తింపు దక్కింది. ఊరి పేరు పెట్టి నకిలీ సరుకు అమ్మకుండా అది కొంత రక్ష. కాని చైనా మిషను లేసు చవకగా వచ్చి పడటం, కోవిడ్ కాలంలో ఎగుమతులు నిలిచిపోవడం పెద్ద దెబ్బలు. కూలి గిట్టక, నేటి ఆడపిల్లలు సూది పట్టడానికి ఇష్టపడటం లేదు. వారిని తప్పు పట్టలేం.

మిషను లేసుకూ చేతి లేసుకూ తేడా ఎలా తెలుస్తుందని కొందరు అడుగుతారు. మిషను మీద క్రోషేలా కనిపించే లేసు తీస్తారు గాని, అసలు క్రోషే ముడి వేయడం మిషనుకు సాధ్యం కాలేదు. భూతద్దం పెట్టి చూస్తే చేతి లేసులో ముడులు గొలుసులా ఒకదానిలోంచి ఒకటి వచ్చినట్టు కనిపిస్తాయి, పువ్వుకూ పువ్వుకూ వెంట్రుకవాసి తేడా ఉంటుంది. మిషను లేసులో ఆ తేడా ఉండదు, అంచున తెగిన పోగులు కనిపిస్తాయి.

ఇంట్లో పాత లేసులుంటే కొంచెం జాగ్రత్త చేయండి. బ్రష్షుతో రుద్దవద్దు, పిండవద్దు. గోరువెచ్చని నీటిలో తేలిక సబ్బుతో ముంచి తీసి, తెల్లని తువ్వాలు మీద పరచి నీడలో ఆరనివ్వండి. తీగ మీద వేలాడదీస్తే నీటి బరువుకు సాగిపోతుంది. మడత పెడితే మడత దగ్గరే తెగుతుంది కనుక మెత్తని పాత నూలు గుడ్డతో చుట్ట చుట్టి ఉంచండి. ప్లాస్టిక్ సంచిలో వద్దు. తుప్పు పట్టే గుండుసూదులు అసలే వద్దు.

దానితో పాటు ఇంకో పని చేయండి. ఆ లేసు అల్లినది మీ అమ్మగారో, అత్తగారో, మేనత్తో అయితే, ఒక చీటీ మీద ఆమె పేరు, ఊరు, ఉజ్జాయింపుగా సంవత్సరం రాసి ఆ గుడ్డతో పాటు ఉంచండి. మన తరం పోయాక మనవలకు అది ఎవరి చేతి పనో చెప్పేవారు ఉండరు.

గోదావరి జిల్లాల్లోని మన సభ్యులకు మరో మనవి. హస్తకళల వారికి 2016 నుంచి కేంద్రం ఇస్తున్న 'పెహచాన్' గుర్తింపు కార్డు ఉంది. 16 నుంచి 59 ఏళ్ళ అసంఘటిత కార్మికులకు 2021లో మొదలైన ఈ-శ్రమ్ నమోదు ఉంది. దరఖాస్తు నింపడం రాకనో, ఏ కాగితం జత చేయాలో తెలియకనో ఆగిపోయినవారు మీ వీధిలోనే ఉండవచ్చు. దరఖాస్తులు పరిశీలించడంలో మనకు ముప్ఫై ఏళ్ళ అనుభవం ఉంది. ఒక పూట కూర్చుని నాలుగు ఫారాలు నింపి పెడదాం. వృత్తి అన్న గడిలో మాత్రం 'గృహిణి' అని కాకుండా 'లేసు పని' అని స్పష్టంగా రాద్దాం.