మంగుళూరు పెంకు: బాసెల్ మిషను వృత్తిశాలల చరిత్ర

శాసన పరిశోధకులు శిలలయందును తామ్రపత్రములయందును చెక్కబడిన అక్షరములను చదువుటకు ఎంతయో శ్రమపడుచుందురు. కాని మన యింటి కప్పుమీదనే యున్న అక్షరములను చదువువారు అరుదు. తెలుగుదేశమున పాత పెంకుటిండ్లను విప్పునపుడు మంగుళూరు పెంకులు బయల్పడుచుండును. వీనినే జనులు బెంగుళూరు పెంకులనియు వాడుదురు. అట్టివానిలో కొన్నిటి వెన్నుమీద బాసెల్ మిషను పేరును, మంగుళూరు పేరును, 1865 అను సంవత్సరమును ఉబ్బెత్తుగా అచ్చుపడి కానవచ్చును. ఆ సంవత్సరము కర్మాగారము స్థాపింపబడినదే కాని పెంకు చేయబడినది కాదు. కావున దానింబట్టి ఇంటి కాలము నిర్ణయింపరాదు. ఈ మూడు మాటల వెనుక నున్న చరిత్రను సంగ్రహముగా తెలుపుటయే ఈ వ్యాసోద్దేశము.

బాసెల్ నగరము స్విట్జర్లాండు దేశమున రైను నదీతీరమున నున్నది. అచ్చట 1815 వ సంవత్సరమున ఒక క్రైస్తవమత ప్రచారసంఘము స్థాపింపబడి, మరుసటి యేడు దాని విద్యాలయము తెరువబడెను. అందు చేరినవారిలో పెక్కండ్రు వర్టెంబర్గు మొదలగు జర్మను సీమలలోని చిన్న గ్రామముల కాపులును చేతిపనివారును. ఈస్టిండియా కంపెనీవారికి 1833 లో నొసగబడిన నూతన శాసనముచే ఇంగ్లీషువారు కాని మతబోధకులకును ఈ దేశమున నివసించుటకు వీలు కలిగెను. దానిని పురస్కరించుకొని హెబిక్, లేనర్, గ్రైనర్ అను మువ్వురు 1834 అక్టోబరు నెలలో పశ్చిమతీరమున దిగి మంగుళూరు చేరిరి. ఆ ప్రాంతము అప్పుడు చెన్నపురి రాజధానిలోనిది. తుళు, కన్నడము, కొంకణి భాషలు అచ్చట కలిసి వినబడుచుండును.

వారు వచ్చినది బోధించుటకే కాని పెంకులు కాల్చుటకు కాదు. అయినను పదియేండ్లు గడవకమునుపే వారికి వృత్తిశాలలు పెట్టవలసిన యవస్థ కలిగెను. దీనికి కారణమును కొందరు యూరోపియనుల యుద్యోగదక్షతగా వర్ణింతురు. వస్తుస్థితి వేరు. ఆ దేశమున బాప్తిస్మము పొందినవాడు ఆ దినముననే కులమును, కులముతోపాటు ఇంటిని, ఇంటితోపాటు జీవనమును కోల్పోవుచుండెను. 1844 జనవరిలో సారస్వత బ్రాహ్మణ యువకుడైన ఆనందరావు కౌండిన్యుడు మతము మార్చుకొనినపుడు పట్టణమున గొప్ప సంక్షోభము పుట్టెను. అతడు విద్యావంతుడు గనుక తరువాత బాసెలునకే పోయి చదివి బోధకుడై తిరిగివచ్చెను. విద్యలేని బీదల గతి అట్టిది కాదు. తుళునాట మిషనులో చేరినవారిలో బిల్లవులు అధికులు. వీరు మన గీతకాండ్రవలె కల్లు గీయువారు. కల్లు గీయుట క్రైస్తవునకు తగదని బోధకులు నియమించిరి. పరుల భూమి కౌలుకు దున్నుకొనువారిని భూస్వాములు వెడలగొట్టుటయు కలదు. అనగా ఒకవంక సంఘము వారిని త్రోసివేసినది, మరియొకవంక మతమే వారి చేతిలోని కత్తిని పెరికివేసినది. ఇట్లు నిరాధారులైనవారికి అన్నము పెట్టు భారము బోధకులపై పడెను. ఊరక యన్నము పెట్టినచో భిక్షుకసంఘ మేర్పడునని వారు భయపడిరి. ఈ భయమునుండియే వృత్తివిద్య జనించినది.

మొదటి యత్నములు చాలవరకు విఫలములయ్యెను. వ్యవసాయము, గడియారముల మరమ్మతు, వడ్రంగము మున్నగునవి ఒకదాని తరువాత నొకటి పరీక్షింపబడెను. బోధకునకు వేదవ్యాఖ్యానము తెలియును గాని వస్తువును విక్రయించుట తెలియదు. అందుచేత బాసెల్ సంఘమువారు బోధకులతోపాటు ఆయా వృత్తులయందు ఆరితేరినవారినే పంప నారంభించిరి. 1851 ప్రాంతమున వచ్చిన హాలర్ అను నేతగాడు యూరపుఖండపు మగ్గములను నెలకొల్పి, నేతయు అద్దకమును నేర్పెను. ఖాకీరంగును మొదట కనుగొనినవాడు ఇతడే యని మంగుళూరున గట్టి ప్రసిద్ధి కలదు. కాని పశ్చిమోత్తర సరిహద్దున 1846 లో లమ్స్‌డెన్ దొర సమకూర్చిన సైనికదళము అంతకుమున్నే మట్టిరంగు దుస్తులు ధరించినది గనుక ఈ ప్రసిద్ధిని యథాతథముగా గ్రహింపరాదు. హాలరు రంగు స్వతంత్రముగా సిద్ధమైనదని చెప్పుట చాలును. 1854 లో ప్లైడరర్ అను వర్తకుడు లెక్కలు చూచుటకు వచ్చెను. 1859 లో బాసెలునందు మిషనుకు అనుబంధముగా ప్రత్యేక వర్తకసంఘమే యేర్పడెను.

పండితులకు ప్రీతిపాత్రమైన వృత్తిశాల అచ్చుకూటము. మంగుళూరున 1841 లో శిలాముద్రణ మారంభమయ్యెను. మోగ్లింగ్ అను బోధకుడు 1843 లో ప్రకటించిన మంగళూర సమాచారము కన్నడభాషలో మొదటి వార్తాపత్రికగా పరిగణింపబడుచున్నది. పిమ్మట ప్లెబ్‌స్ట్ అను యంత్రశిల్పి వచ్చి సీసపుటక్షరములతో అచ్చువేయు పద్ధతిని స్థిరపరచెను. 1872 లో గుండర్టు పండితుని మలయాళ నిఘంటువును, 1894 లో కిట్టెలు పండితుని కన్నడ నిఘంటువును ఈ మంగుళూరు ముద్రాలయముననే వెలువడెను. కిట్టెలు తన నిఘంటువున కన్నడపదములకు తెలుగు మొదలగు సోదరభాషల రూపములను చూపియుండుటచే అది మనకును ఉపకరించు గ్రంథము. కేశిరాజు శబ్దమణిదర్పణమును, నాగవర్మ ఛందోంబుధిని పరిష్కరించి ప్రకటించినవాడును ఇతడే. ఇట్టి గ్రంథములను స్తుతించునపుడు మనము రచయితనే తలంతుము. డెబ్బదివేల పదములకు అక్షరములు కూర్చి, చిత్తుప్రతులు దిద్ది, ఫారములు తీసిన పనివారు కలరనియు, వారు ఆ యచ్చుకూటమునందే పని నేర్చిన బీదవారి బిడ్డలనియు తలంపము.

ఆ ప్లెబ్‌స్టే 1865 లో మంగుళూరు చెంత జెప్పు అనుచోట పెంకుల కర్మాగారమును స్థాపించెను. నేత్రావతీతీరమున జిగటమన్ను సమృద్ధిగా కలదు. మన కుమ్మరి సారెమీద చేయు గూనపెంకులు ఒకదానిపై నొకటి యొరిగియుండునే కాని పట్టుకొనవు. కోతులు త్రొక్కినను గాలి కొట్టినను జారును. కావున ఏటేట ఇల్లు నేయింపవలెను. యూరపున ఆల్సేసు సీమయందు జిలార్డోని సోదరులు 1841 లో ఒకదానిలో నొకటి తగుల్కొను పెంకును కల్పించియుండిరి. మంగుళూరు పెంకు ఆ జాతిలోనిదే.

దానిని చేయు విధము వినదగినది. నదీతీరమునుండి పడవలపై తెచ్చిన మన్నును రాలు, వేళ్లు ఏరి నానవేయుదురు. మొదట ఎద్దులు త్రిప్పు గానుగవంటి యంత్రమున దానిని మెదిపి, పలకలుగా కోయుదురు. పలకను అచ్చునందుంచి మరతో నొక్కగా గాడులును, మిషను పేరును ఒక్క పర్యాయమే పడును. అంచులను చేతితో చెక్కి, పందిళ్లలో నీడను ఆరబెట్టి, పిదప ఆవములో కట్టెలతో కాల్తురు. చల్లారిన పెంకును వ్రేలితో తట్టి ధ్వనిచే మంచిచెడుగులు నిర్ణయింతురు. ఎండకు తొందరపడి ఆర్చినచో పగులును, తడి మిగిలినచో ఆవములో బ్రద్దలగును. జ్యేష్ఠమునుండి భాద్రపదమువరకు ఎడతెగక వాన కురియు ఆ తీరమున ఈ యారబెట్టుటయే కష్టతమమైన పని. మన్ను పదును తెలిసిన చేయి లేక మర యెంతటిదైనను నిష్ఫలము. వృత్తివిద్య యనగా ఆ చేతిని తయారుచేయుటయే.

ఈ శాలల దైనందినజీవనము గంటతో మొదలగుచుండెను. పని కారంభముగా ప్రార్థన జరుగుచుండెను. ఆదివారమున ఆవము ముందర ఎవరును పనికి నిలువరాదు. వారపు లెక్క, గడియారపు కాలము, కూలి పుస్తకము అనునవి పల్లెనుండి వచ్చినవారికి బైబిలుకంటె క్రొత్తవి. సూర్యుని చూచి పొలమునకు పోవు మనుష్యుడు గంట విని పనికి పోవుట నేర్చుకొనెను. స్త్రీలును పెంకులు మోయుటకును ఏరుటకును వచ్చుచుండిరి. భిన్నకులములనుండి వచ్చినవారు ఒకే పందిటిక్రింద ఒకే మన్ను త్రొక్కిరి. బోధలు సాధింపలేని యీ సమత్వమును పని కొంతవరకు సాధించినదని యొప్పుకొనవలెను.

శాలను నడుపువారి జీవితమును సుఖమయము కాదు. వారు తమకై వర్తకము చేసికొనరాదు. వివాహమునకు సయితము బాసెలులోని కార్యనిర్వాహక సమితి యనుమతి కావలెను. ప్రతివిషయమును ఆ సమితికి వ్రాసి ప్రత్యుత్తరమునకై నెలల తరబడి వేచియుండవలెను. జ్వరములచే భార్యలును శిశువులును మరణించుట సామాన్యము. బ్రదికిన పిల్లలను చిన్నతనముననే చదువునకై యూరపునకు పంపుట యాచారము. 1842 లో తలచేరియందు జన్మించిన గుండర్టు కుమార్తె మరియ బాల్యముననే తల్లిదండ్రులను బాసి స్విట్జర్లాండున పెరిగెను. 1946 లో నోబెలు బహుమానము పొందిన రచయిత హెర్మన్ హెస్సె ఆమె కుమారుడు. పరుల బిడ్డలకు పని నేర్పువారికి తమ బిడ్డలను పెంచు భాగ్యము లేకపోయెను.

ఇక విచారింపవలసిన ముఖ్యవిషయ మొకటి కలదు. కూలి యిచ్చువాడును పాపక్షమ బోధించువాడును ఒకే సంస్థకు చెందినపుడు విశ్వాసము నిష్కళంకముగా నుండగలదా? మతమును విడిచినవాడు పనినికూడ విడువవలసివచ్చునేమో యను భీతి వానిని బంధింపదా? ఈ ప్రశ్న ప్రతిపక్షులు మాత్రమే వేసినది కాదు. మిషనులోపలనే వర్తకము ధర్మప్రచారమునకు తగునా యను వివాదము దీర్ఘకాలము నడచెను. లాభము సొంతమునకు కాక పాఠశాలలకును సంఘమునకును వినియోగమగుచున్నదని ఒకరు సమాధానము చెప్పిరి. లాభము వచ్చినకొలది గురువు యజమానియు శిష్యుడు కూలివాడు నగుచున్నారని మరియొకరు చింతించిరి. ఇరువురి మాటయందును సత్యము కలదని నాకు తోచుచున్నది. కులమును కోల్పోయినవానికి ఆ శాలయే క్రొత్త కులమయ్యెను. కులమువలెనే అది రక్షించినది, కులమువలెనే బంధించినది.

ఈ ప్రశ్నకు ఉత్తరము వాదమువలన కాక యుద్ధమువలన లభించెను. 1914 లో ప్రపంచయుద్ధము పుట్టగా జర్మనులైన బోధకులు శత్రుజాతీయులని నిర్బంధింపబడి, పిదప దేశమునుండి పంపివేయబడిరి. వర్తకసంఘపు ఆస్తిని ప్రభుత్వము స్వాధీనపరచుకొనెను. 1919 లో కామన్వెల్తు ట్రస్టు అను నూతనసంస్థ ఆ కర్మాగారములను పొందెను. ఎనుబదియేండ్లుగా అన్నమును మతమును కలిపి యిచ్చిన చేయి ఒక్కమారు తొలగిపోయెను. కేవలము కూలికై క్రైస్తవులైనవారే యైనచో సంఘము అప్పుడే చెదరిపోవలెను. అట్లు జరుగలేదు. దేవాలయములు నిలిచెను. పనియు నిలిచెను. అప్పటికే అచ్చటి పనిని చూచి నేర్చిన దేశీయులు స్వంత కర్మాగారములు పెట్టియుండిరి. మంగుళూరు పెంకు మిషను సొత్తుగాక తీరమంతటి సొత్తయి యుండెను. కోళికోడునందలి నేతశాల 2009 వరకు కామన్వెల్తు ట్రస్టు పేరిటనే నడచెను.

కావున ఈ చరిత్రను ఉపకారమనియో మోసమనియో ఒక్కమాటతో తీర్చుట న్యాయము కాదు. నిఘంటువుల ముఖపత్రములపై పండితుల పేరులున్నవి. పెంకులమీద మిషను పేరున్నది. మన్ను పదును చూచి అంచు చెక్కిన పనివాని పేరు ఎచ్చటను లేదు. ఇట్టివారి చరిత్రకు ఆధారములు రాజశాసనములలో దొరకవు. కూలిపుస్తకములు, సంఘముల జనన మరణ పట్టికలు, ముసలివారి నోటిమాటలు ఇవియే యాధారములు. వీనిని నశింపకమునుపే సేకరించుట మనబోటి పరిషత్తుల కర్తవ్యము. పాత యిల్లు విప్పువారు పెంకును పారవేయుటకు ముందు ఒక్కసారి త్రిప్పిచూతురు గాక.