వీధిబడి, బెత్తం, మానిటరు

కర్నూలు జిల్లా పశ్చిమ భాగంలో కైరుప్పల అనే గ్రామం ఉన్నది. ఉగాది తరువాత జరిగే పిడకల సమరం వల్ల దాని పేరు చాలామంది వినే ఉంటారు. ఆ గ్రామమూ, దానికి చేరువనున్న ఆదోని, ఎమ్మిగనూరు పట్టణాలూ 200 సంవత్సరాల క్రిందట బళ్ళారి జిల్లాలోనివి. ఆనాడు ఆ జిల్లాలో పిల్లలను బడిలో ఎట్లా దారిలో పెట్టేవారో తెలిపే ఆధారం ఒకటి మిగిలి ఉన్నది.

1822లో మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో బడుల లెక్కలు పంపవలసిందని కలెక్టర్లను కోరినాడు. (1827లో కలరా సోకి పత్తికొండలో కన్నుమూసిన మన్రో ఇతడే.) బళ్ళారి కలెక్టరు ఎ. డి. కాంప్‌బెల్ 1823 ఆగస్టులో జవాబు వ్రాసినాడు. తెలుగు వ్యాకరణమూ, నిఘంటువూ కూర్చిన ఈయన అంకెలతో ఊరుకోక, బడి లోపలి సంగతులు కూడా వర్ణించినాడు. 9,27,857 మంది జనాభాకు బడులు 533, చదివేవారు 6,641 మంది. వారిలో బాలికలు 60 మంది మాత్రమే.

ఉదయం 6 గంటలకే బడి. అందరికంటె ముందు వచ్చిన పిల్లవాని అరచేతిలో సరస్వతి పేరు వ్రాసేవారు. అది గౌరవం. రెండవవాని చేతిలో సున్న, అనగా మెప్పూ లేదు, తప్పూ లేదు. మూడవవానికి మెల్లగా ఒక దెబ్బ, నాల్గవవానికి రెండు, ఆపైన వచ్చిన ప్రతివానికీ ఒక్కొక్కటి ఎక్కువ. సోమరులకు గుంజీలు, కోదండం వేరుగా ఉండనే ఉన్నవి.

ఇక్కడ కొంచెం లెక్క వేయవచ్చు. పై అంకెలనుబట్టి బడికి సగటున 12 మంది. వారందరూ వచ్చిన రోజున 1 నుంచి 10 వరకు కూడితే 55 దెబ్బలు. మెప్పు ఒక్కటి, దెబ్బలు 55! అంతకంటె విశేషం మరొకటి ఉన్నది. పన్నెండుగురూ కోడి కూయకముందే వచ్చినా ఎవడో ఒకడు చివరివాడు కాక తప్పదు. పిల్లలు ఎంత బాగుపడినా దెబ్బల మొత్తం తగ్గదు. దోషం పిల్లలది కాదు, ఏర్పాటుది.

అయితే అదే బడిలో కాంప్‌బెల్ మనసారా మెచ్చుకొన్న ఏర్పాటు కూడా ఉన్నది. పిల్లలను సాధారణంగా నాలుగు తరగతులుగా విభజించేవారు. పై తరగతులను అయ్యవారు చూసుకొంటే, క్రింది తరగతులకు పెద్ద పిల్లలే మానిటర్లు. చెప్పేవానికి తన చదువు గట్టిపడుతుంది, వినేవానికి తోడు దొరుకుతుంది. ఈ పద్ధతిని ఇంగ్లండు అనుకరించడం తగినదేనని ఆయన అభిప్రాయం.

ఆ అనుకరణకు కారకుడు ఆండ్రూ బెల్. 1789లో ఈయన మద్రాసు ఎగ్మూరులోని సైనిక అనాథ బాలుర ఆశ్రమానికి పర్యవేక్షకుడైనాడు. స్థానిక బడిలో పిల్లలు ఇసుకలో అక్షరాలు దిద్దడం చూసి, తన బడిలోనూ అట్లా చేయించమన్నాడు. ఉపాధ్యాయులకు అది నచ్చలేదు. అప్పుడు ఎనిమిదేళ్ళ జాన్ ఫ్రిస్కెన్ అనే బాలునికి అక్షరాల తరగతి అప్పగించగా, అతడు చక్కగా నడిపించినాడు. 1797లో బెల్ ఈ ప్రయోగాన్ని లండన్‌లో పుస్తకంగా ప్రకటించినాడు. కొట్టడం ఆయనకు ఇష్టం లేదు. తప్పులను ఒక పుస్తకంలో వ్రాయించి, పిల్లల పంచాయతీచేతనే విచారింపజేసేవాడు. ఆయన సమకాలికుడు జోసెఫ్ లంకాస్టర్ బాగా మెలిగినవారికి చీట్లు ఇచ్చి, వాటికి బదులు బహుమానాలు పంచినాడు. కాని తప్పు చేసినవారిని బుట్టలో కూర్చోబెట్టి పైకప్పుకు వ్రేలాడదీసినవాడూ ఆయనే. మన కోదండానికి దగ్గరి చుట్టమే!

మంచి నడతను శిక్షతో కాక పాఠంలాగా నేర్పాలనే ఆలోచన శాస్త్రరూపం ధరించడానికి చాలాకాలం పట్టినది. 1938లో బి. ఎఫ్. స్కిన్నర్ జంతువుల ప్రవర్తనపై తన గ్రంథాన్ని వెలువరించినాడు. ఏ పనికి మంచి ఫలితం వెంటనే లభిస్తుందో ఆ పని మళ్ళీ మళ్ళీ జరుగుతుందని అందులోని సారాంశం. 1997లో అమెరికా ప్రత్యేక విద్యాచట్టానికి చేసిన సవరణలో నడతకు అనుకూలమైన తోడ్పాటు అనే భావం చోటు చేసుకొన్నది. ఒక మందలింపుకు నాలుగైదు మెచ్చుకోళ్ళు ఉండాలని ఈ పద్ధతివారు తరచు చెబుతారు. బళ్ళారి లెక్క పక్కన దీనిని పెట్టి చూడవచ్చు.

ఉపాధ్యాయులకు ఉపన్యాసాలిచ్చినంత మాత్రాన ఇది తరగతిలోకి రాదు. ఉపన్యాసం జ్ఞానం ఇస్తుంది గాని అలవాటు ఇవ్వదని, బడిలోనే ఒక తోడు ఉండి, చేసి చూపి, చేయించి, లోటుపాట్లు చెప్పినప్పుడే కొత్త పద్ధతి నిలుస్తుందని 1980 ప్రాంతంలో బ్రూస్ జాయిస్, బెవర్లీ షవర్స్ వాదించినారు. ఆ తోడునే కోచ్ అంటున్నారు. ఉపాధ్యాయులకు మానిటరు అన్నమాట.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2002లో బడులలో దేహదండనను నిషేధించినది. 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షను కొట్టడాన్నీ, మనసు నొప్పించడాన్నీ కూడా మాన్పించినది. బెత్తం వదలిన చేయి ఏమి పట్టుకోవాలో మాత్రం ఆ సెక్షను చెప్పలేదు. కోచ్‌కు ముందుగా నేర్పేది ఒక నోటుపుస్తకం పట్టుకోవడం. ఎవరు, ఏ రోజున, ఎంత ఆలస్యంగా వచ్చినారో రెండు వారాలు వ్రాయాలి. ఆ తరువాతనే కారణం వెదకాలి. ఆదోని ప్రాంతంలో ఆ పిల్లవాడు పత్తి చేనునుంచి పరుగెత్తి వస్తున్నాడో, తల్లిదండ్రులు వలసపోగా తమ్ముణ్ణి చంకనెత్తుకొని వస్తున్నాడో ఆ పుస్తకమే చెప్పాలి.