పని ఆగినా పన్ను ఆగదు

బేతంచెర్ల అంటే నాపరాయి. గనుల్లో, పాలిష్ ఫ్యాక్టరీల్లో కూలి దొరికితేనే మన ఇళ్లలో పొయ్యి వెలిగేది. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టి పనులన్నీ ఆపేశారు. కూలి ఆగింది గానీ ఇంటి పన్ను ఆగలేదు. ఎందుకంటే ఆ పన్ను ఇంటి మీద వేసేది, మన సంపాదన మీద కాదు. పని పోయిందని మాఫీ చేసే నియమం అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

ఆ ఏడాదే పట్టణాల పన్ను చట్టం మారింది. అద్దె లెక్క పోయి, ఆస్తి విలువ లెక్క వచ్చింది. 2021 నవంబరులో మన ఊళ్లో నగర పంచాయతీ ఎన్నికలు జరిగాయి. పంచాయతీ ఊరు పట్టణమయ్యాక ఆ చట్టం మనకూ వచ్చింది.

అయితే ఆ చట్టంలోనే పేదలకు ఆసరా ఉంది. 375 చదరపు అడుగుల లోపు సొంత ఇంట్లో ఉంటే ఏడాదికి పన్ను 50 రూపాయలే. కొలత తప్పుపడితే కమిషనరుకు అర్జీ ఇయ్యొచ్చు. ఏడాది పన్ను ఏప్రిల్ 30 లోపల కడితే 5 శాతం తగ్గుతుంది. ఒకేసారి కట్టలేకుంటే ఆర్నెల్లకొకసారి రెండు కంతుల్లో కట్టొచ్చు. బాకీ పడితే మాత్రం నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీ. 2025 మార్చిలో ప్రభుత్వం పాత బకాయిల వడ్డీలో సగం మాఫీ చేసింది. అట్లాంటి మాఫీ ఎప్పుడొస్తుందో చెప్పలేం.

అందుకే అక్కా, పని పోయిన ఇంటి పన్ను నోటీసు పెట్టెలో దాచొద్దు, సంఘం మీటింగుకు తీసుకురా. కొలత అందరం కలిసి చూద్దాం. అవసరమైతే పొదుపులోంచి అప్పిద్దాం. రెండు రూపాయల వడ్డీ పెరగనియ్యడం కంటే అది మేలు.