గల్ఫ్ కాల్‌కు వేరే రేటు

నెట్ న్యూట్రాలిటీ నగర యువకుల గొడవ అనేవాళ్లతో నాకు పేచీ ఉంది. పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో భర్తలు గల్ఫ్‌కు వలసపోతే బీడీలు చుట్టి ఇల్లు నడిపిన స్త్రీల చరిత్ర కూడా ఇది. 2014 డిసెంబరులో ఎయిర్‌టెల్ ఇంటర్నెట్ కాల్స్‌కు విడిగా వసూలు చేస్తామని ప్రకటించి, నిరసన రాగానే వెనక్కి తగ్గింది. 2015 ఫిబ్రవరిలో ఫేస్‌బుక్, రిలయన్స్ కమ్యూనికేషన్స్ కలిసి తెలంగాణతో సహా ఆరు రాష్ట్రాల్లో కొన్ని వెబ్‌సైట్లను ‘ఉచితం’గా ఇచ్చాయి. పేదరాలికి ఏది చాలో కంపెనీయే తేల్చింది. (రేషన్ షాపులోనైతే కనీసం కొట్లాడొచ్చు.) ఆ ఉచితంలో ఇంటర్నెట్ కాల్స్‌కు చోటే లేదు. ఆమెకు కావలసిందేమో అదే! 2016 ఫిబ్రవరి 8న ట్రాయ్ ఇలాంటి తేడా ధరలను నిషేధించింది. అవతలి కొసన మాత్రం సౌదీ 2017లో గానీ ఇంటర్నెట్ కాల్స్‌ను అనుమతించలేదు. ఎమిరేట్స్ ఆ తర్వాత కూడా వాట్సాప్ కాల్స్‌ను ఆపే ఉంచింది.