నాలుగుకి మూడు – బొమ్మ కొలతల చరిత్ర

పాత వీడియో క్యాసెట్లలోని పెళ్ళిళ్ళు, షష్టిపూర్తులు, పదవీ విరమణ సభలు మన పిల్లలు పెన్‌డ్రైవుల్లోకి ఎక్కించి ఇస్తున్నారు. సంతోషమే. కాని కొత్త వెడల్పాటి టీవీలో పెట్టి చూస్తే మనుషులు పొట్టిగా, లావుగా కనబడుతున్నారు. తాతయ్య అప్పట్లో ఇంత లావా అని మనుమలు అడుగుతున్నారు. ఆ లావు కొలత మార్పు వలన వచ్చినది. దాని వెనుక నూట ముప్ఫై ఏళ్ళ చరిత్ర ఉన్నది.

1892 ప్రాంతంలో అమెరికాలో ఎడిసన్ గారి ప్రయోగశాలలో డిక్సన్ అనే ఉద్యోగి, ఈస్ట్‌మన్ ఫిల్మును నిలువునా రెండుగా చీల్చి 35 మిల్లీమీటర్ల వెడల్పు చేసుకున్నాడు. అంచున రంధ్రాలు పొడిచి, నాలుగు రంధ్రాల ఎత్తుకు ఒక బొమ్మ చొప్పున అమర్చాడు. వెడల్పు నాలుగు పాళ్ళు, ఎత్తు మూడు పాళ్ళు వచ్చినది. (పని ఉద్యోగిది, పేరు దొరగారిది. మనకు తెలియనిది కాదు.) మాటల సినిమా వచ్చాక శబ్దపు పట్టీకి చోటివ్వవలసి వచ్చి, 1932లో హాలీవుడ్ అకాడమీ దానిని 1.37కి 1గా సవరించినది. తరువాత టెలివిజన్ కూడా నాలుగుకి మూడునే పట్టుకున్నది. మన పాత టీవీలు, వీసీఆర్ క్యాసెట్లు అన్నీ ఆ కొలతవే.

టీవీ వచ్చి జనం ఇళ్ళలోనే కూర్చోవడంతో, హాలుకు రప్పించడానికి 1953లో ‘ది రోబ్’ చిత్రంతో సినిమాస్కోప్ దింపారు. ఫ్రాన్సు దేశస్థుడు క్రెటియన్ కనిపెట్టిన లెన్సు బొమ్మను అడ్డంగా సగానికి నొక్కి ఫిల్ములో ఇరికిస్తుంది. హాలులో మరో లెన్సు దానిని తిరిగి పరుస్తుంది. మన దేశంలో 1959లో ‘కాగజ్ కే ఫూల్’, తెలుగులో 1974లో ‘అల్లూరి సీతారామరాజు’ తొలి సినిమాస్కోప్ చిత్రాలు.

1980లలో కెర్న్స్ పవర్స్ అనే ఇంజనీరు ఇరుకు, వెడల్పు బొమ్మలు రెండిటికీ మధ్యస్థంగా పదహారుకి తొమ్మిది అనే కొలత సూచించాడు. నేటి టీవీ అదే. రాజీ సూత్రం గనుక ఏ పాత బొమ్మా అందులో నిండుగా పట్టదు. 2010లో రంగులద్దిన ‘మాయాబజార్’ను సినిమాస్కోప్ కొలతకు కూడా మార్చి విడుదల చేశారు. రంగుల మాట ఎలా ఉన్నా, మార్కస్ బార్ట్‌లీ గారు కూర్చిన చట్రం మారడం నాకు నచ్చలేదు.

ఇక మన క్యాసెట్ల సంగతి. డీవీడీలో బొమ్మ 720 చుక్కల వెడల్పు, 576 చుక్కల ఎత్తు. భాగిస్తే 1.25 వస్తుంది, 1.33 రాదు. ఎందుకంటే ఆ చుక్కలు చతురస్రాలు కావు, కాస్త వెడల్పువి. కంప్యూటరు చుక్కలేమో చతురస్రాలు. కనుక ఫైలుగా మార్చేటప్పుడు 768కి 576 చేయాలి. నాలుగుకి మూడు బొమ్మకైనా, పదహారుకి తొమ్మిది బొమ్మకైనా డీవీడీలో చుక్కల లెక్క ఒకటే; ఏది ఏదో చెప్పే గుర్తు విడిగా ఉంటుంది. మార్పిడిలో ఆ గుర్తు జారిపోతే కొలత తప్పుతుంది.

నల్ల పట్టీలు బాగుండవని స్టూడియో కుర్రవాళ్ళు రెండు పనులు చేస్తారు. సాగదీస్తే మనిషి మూడో వంతు అదనంగా వెడల్పవుతాడు. పైనా కిందా కత్తిరిస్తే బొమ్మలో నాలుగో వంతు పోతుంది. ఫుల్‌స్కాపు ఉత్తరువును ఏ-4 కాగితంపై జిరాక్సు తీస్తే కింద అధికారి సంతకం ఎగిరిపోయేది, గుర్తున్నదా? అదే ఇది. సాగదీసినదానిని మళ్ళీ నొక్కి సరిచేయవచ్చును. కత్తిరించిన ఫైలులో ఆ తలలు, పాదాలు తిరిగి రావు.

కనుక నాలుగుకి మూడుగానే ఉంచమని, పక్కల నల్ల పట్టీలున్నా ఫరవాలేదని ముందే చెప్పండి. డబ్బు ఇచ్చేముందు బొమ్మలో గోడ గడియారమో, పళ్ళెమో ఎదురుగా కనబడేచోట ఆపి, గుండ్రంగా ఉన్నదో లేదో చూడండి. ఉన్నా సరే, క్యాసెట్టు మాత్రం పారవేయవద్దు.